బుధవారం నాకు సెలవు

మా మనవడి బూటుకి రెండు పట్టీలు. లాగితే చర్రుమని ఊడొస్తాయి, నొక్కితే అంటుకుంటాయి. వాడికి మూడేళ్లు, తనే పెట్టుకోవాలి. పెడతాడు, వంకరగా పడుతుంది, పీకేస్తాడు, మళ్లీ పెడతాడు. ఆ రోజు ఏడోసారి పీకేసరికి నేను అరిచాను. మామూలు కసురు కాదది. 34 ఏళ్లు ఆఫీసులో పద్దులు రాశాను, ఎవరి మీదా అంత గొంతు లేవలేదు. వాడు ఏడవలేదు. బూటు తెచ్చి నా చేతిలో పెట్టి, "నువ్వే పెట్టు తాతా" అన్నాడు. ఏడ్చినా బాగుండేది.

దాని గురించే రాద్దామని కూర్చున్నాను. పిల్లాడి గురించి కాదు, అరిచిన ముసలాయన గురించి.

మా ఆవిడ పోయిన ఐదు నెలలకు వీడు పుట్టాడు. అమ్మాయి మళ్లీ ఉద్యోగంలో చేరే రోజు దగ్గరపడుతుంటే, పిల్లాడిని ఎవరు చూస్తారన్న మాట ఇంట్లో పూర్తిగా రాకముందే "నేనున్నానుగా" అనేశాను. నన్నెవరూ అడగలేదు. ఇది ముందే చెప్పుకోవాలి, లేకపోతే నా మొర చదివి మా అమ్మాయినీ అల్లుడినీ తప్పుపడతారు. ఉదయం 8.15 నుంచి సాయంత్రం 6.45 దాకా, వారానికి ఐదు రోజులు. అంటే 52 గంటల 30 నిమిషాలు. ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా అన్ని గంటలు లేవు. పద్దులు రాసినవాడిని కదా, ఈ ఒక్క పద్దూ రెండున్నరేళ్ల దాకా వేసి చూసుకోలేదు.

సంతోషం లేదా అంటే, బోలెడంత ఉంది. వాడు మొదటిసారి "తాతా" అని నా వైపు కాకుండా నా కళ్లజోడు వైపు చూసి పిలవడం నేను జన్మలో మర్చిపోను. వాడే లేకపోతే ఆ ఏడాది పొద్దున్నే మంచం దిగేవాడిని కాదు. చిక్కంతా అక్కడే ఉంది. అలిసిపోయానని నోరు తెరిచి అంటే, "సరే నాన్నా, రేపట్నుంచి నువ్వేం పెట్టుకోవద్దు" అంటారేమో! అప్పుడు నాకేం మిగులుతుంది? అందుకని నోరు కట్టేసుకున్నాను.

మధ్యాహ్నాలు వాడు నా ఎడమ మోచేతి మీద తల పెట్టుకుని నిద్రపోతాడు. పావుగంటకు చెయ్యి తిమ్మిరెక్కుతుంది. తీస్తే లేస్తాడు. కళ్లజోడు అవతల బల్ల మీద, ఫోన్ దాని పక్కన. గంటన్నర సేపు పైకప్పు చూస్తూ పడుకోవడమే. ఆ గంటన్నరలో వచ్చే ఆలోచనలు మంచివి కావు. రాత్రి 3.30కి మెలకువ వచ్చినప్పుడు మళ్లీ అవే. పేపర్లో పదకేళి 20 ఏళ్లుగా రోజూ పూర్తి చేసేవాడిని, అది కూడా ఎప్పుడు మానేశానో గుర్తు లేదు. తెలిసినవాళ్ల పేర్లు నోటికి రావడం లేదు. మతిమరుపు జబ్బు మొదలైందని నాకు నేనే తీర్మానించేసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే పిల్లాడిని నా దగ్గర వదలరు కదా.

డాక్టరు దగ్గరికి వెళ్లింది వీటికోసం కాదు, బొటనవేలి కోసం. పిల్లల్ని చంకల కింద చేతులు పెట్టి ఎత్తుతాం చూడండి, బొటనవేలు దూరంగా చాపి, అలా ఎత్తి ఎత్తి మణికట్టు దగ్గర స్నాయువు చుట్టూ ఉండే పొర వాస్తుందట. డి కెర్వాన్ అనే స్విస్ సర్జన్ 1895లో రాసిన జబ్బు, ఆయన పేరే దానికి. బొటనవేలిని పిడికిట్లో మూసి చేతిని చిటికెనవేలి వైపు వంచమన్నారు. ప్రాణం పోయినంత పనైంది. చేతికి పట్టీ రాశారు. రాస్తూ రాస్తూ ఆవిడ "నిద్ర పడుతోందా?" అని అడిగారు. చెప్పడానికి నోరు తెరిచాను, గొంతు పూడుకుపోయింది. 68 ఏళ్లవాడిని, బొటనవేలు చూపించుకోవడానికి వచ్చి ఏడుస్తున్నాను!

ఒక కాగితం ఇచ్చారు. 15 ప్రశ్నలు, అన్నిటికీ అవును, కాదు అంతే. ముసలివాళ్ల కోసమే 1980ల్లో తయారుచేసిన ప్రశ్నావళికి చిన్న రూపమట. అందులో నిద్ర గురించి, ఆకలి గురించి, నొప్పుల గురించి ఒక్క ప్రశ్నా లేదు. అవి మా వయసులో ఎలాగూ ఉంటాయి కాబట్టి కావాలనే వదిలేశారని చెప్పారు. ఇష్టమైన పనులు మానేశారా, జీవితం ఖాళీగా ఉందనిపిస్తోందా, అలాంటివి అడుగుతారు. దిగులు వైపు మొగ్గే ప్రతి జవాబుకీ ఒక మార్కు, 5 దాటితే లోతుగా చూడాలి. నాకు 8 వచ్చాయి. "ఇది తీర్పు కాదండీ, తలుపు తట్టడం" అన్నారావిడ. థైరాయిడ్, బీ12 పరీక్షలు రాశారు, అవి తేడాగా ఉన్నా మనిషి ఇలాగే అవుతాడట. అవి బాగానే ఉన్నాయి. పెద్దవాళ్లలో డిప్రెషన్ చాలాసార్లు దిగులులా కనిపించదని, చిరాకుగా, మతిమరుపుగా, ఒళ్లునొప్పులుగా వస్తుందని ఆ రోజే తెలిసింది. బూటు అరుపు నాకు అప్పుడు అర్థమైంది.

ఇంతకీ మా బంధువుల గ్రూపులో నెలకోసారి ఒక మెసేజ్ తిరుగుతుంది, మనవల్ని చూసుకుంటే ఆయుష్షు పెరుగుతుందని. ఓపిగ్గా వెతికి చదివాను. బెర్లిన్‌లో 70 దాటిన 500 మందికి పైగా పెద్దవాళ్ల వివరాలతో 2017లో వచ్చిన పరిశోధన అది. అబద్ధం కాదు. కానీ అది అప్పుడప్పుడు చూసుకునేవాళ్ల సంగతి. పెంపకం భారమంతా మోసేవాళ్లను అందులో అసలు కలపలేదు. ఆ ముక్క మెసేజ్‌లో ఉండదు. మెల్‌బోర్న్‌లో 186 మంది ఆడవాళ్లకు పరీక్షలు పెట్టి 2014లో రాసింది ఇంకొకటి ఉంది. వారానికి ఒక్కరోజు మనవల్ని చూసుకునే అమ్మమ్మలు, నానమ్మలు బాగా చేశారు, ఐదు రోజులు, ఆపైన చూసుకునేవాళ్లు ఒక పరీక్షలో వెనకబడ్డారు. ఏది కారణమో, ఏది ఫలితమో ఆ లెక్కతో తేలదు. అయినా ఐదు అన్న అంకె దగ్గర కాసేపు ఆగిపోయాను.

మూడోది 2021లో అమెరికాలోని ఎమరీ యూనివర్సిటీది. 50 మంది బామ్మల్ని స్కానర్‌లో పడుకోబెట్టి ఫొటోలు చూపించారు. మనవల ఫొటో చూస్తే ఆ పిల్లల సంతోషాన్నో బాధనో తామే అనుభవించే మెదడు భాగాలు పనిచేశాయి. కన్న కొడుకునో కూతుర్నో చూస్తే, వీళ్ల మనసులో ఏముందో అని ఆలోచించే భాగాలు ఎక్కువగా పనిచేశాయి. తాతల్ని పెట్టలేదు గానీ నా విషయంలో అక్షరాలా అంతే. మనవడి మొహం చూడగానే తెలిసిపోతుంది. అమ్మాయి మనసులో ఏముందో రెండున్నరేళ్లు ఆలోచించాను, ఆలోచించిందంతా తప్పే.

ఎందుకంటే, 52.30 అని కాగితం మీద రాసి ఆమె ముందు పెట్టినప్పుడు అమ్మాయి అన్న మాట ఇది: "నాన్నా, డేకేర్‌లో వేద్దామని మేం రెండుసార్లు అనుకున్నాం. అమ్మ పోయాక నీకు ఉన్నది వీడొక్కడే, తీసేస్తే నువ్వేమైపోతావోనని మానేశాం."

అల్లుడు ఏమీ అనకుండా వెళ్లి క్యాలెండర్ తెచ్చాడు. మాటల మనిషి కాదు. బుధ, శుక్రవారాలు ప్లేస్కూలు. మిగతా మూడు రోజులు సాయంత్రం ఐదింటికల్లా ఇద్దరిలో ఎవరో ఒకరు వచ్చేస్తారు. పావుగంటలో తేలిపోయింది.

మొదటి బుధవారం మాత్రం నరకం. పదింటికి స్నానం చేసి, బట్టలు వేసుకుని, ఎక్కడికీ వెళ్లేది లేక కుర్చీలో కూర్చున్నాను. ఇల్లంతా చప్పుడు లేదు. మూడేళ్లుగా ఇంట్లో లేని మనిషి ఆ నిశ్శబ్దంలో తిరిగొచ్చింది, మా ఆవిడ. కౌన్సెలింగ్‌లో కూడా అంతే, పిల్లాడి గురించి మాట్లాడదామని వెళ్లి ఆరు వారాలూ ఆమె గురించే మాట్లాడాను. ఆమె కోసం ఏడవడానికి నాకు తీరిక దొరకలేదు. దొరక్కుండా చేసుకున్నాను, మూడడుగులు కూడా లేనివాడి వెనక దాక్కుని. మాత్రలు కూడా కొన్నాళ్లు వేసుకున్నాను, చెప్పడానికి సిగ్గేమీ లేదు.

నాలుగు నెలల తర్వాత అదే కాగితం మళ్లీ ఇచ్చారు. ఈసారి 3. పదకేళి సగం సగం అవుతోంది. బూటు ఇప్పుడు కుడిది ఎడమకీ, ఎడమది కుడికీ వేసుకుంటున్నాడు. గేటు దాకా అలాగే నడవనిస్తున్నాను.

ఒంట్లో ఓపిక నిండుగా ఉందా అన్న ప్రశ్నకు ఈసారి కూడా "కాదు" అనే పెట్టాను. డాక్టరమ్మ చూసి, "సోమవారం పెట్టారా, బుధవారం పెట్టారా?" అని అడిగారు.