ఆపరేషన్ అయిన ఆరో రోజు నాన్నకు విరేచనాలు: నా అనుభవం

ఎల్బీనగర్ దగ్గర యాక్సిడెంట్, తొడ ఎముకలో రాడ్డు, అంతవరకు గండం గడిచిందనే అనుకున్నాం. ఆరో రోజు రాత్రి వాంతులు, నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి.

"బయటి ఇడ్లీ పెట్టుంటారు, చెప్తే వినరు" అని వార్డంతా వింటుండగా సిస్టర్ అమ్మను కసిరింది. అమ్మ తల దించుకుంది. ముందురోజు పొద్దున పక్క బెడ్ ఆయన వాంతులు చేసుకున్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. వాంతులు, విరేచనాలు తెచ్చే అంటువైరస్ నోరో, సోకిన 12 నుంచి 48 గంటల్లో బయటపడుతుంది. యాంటీబయాటిక్స్ నడుస్తున్నాయి కాబట్టి ముందు క్లాస్ట్రీడియం డిఫిసిల్ (ఆ మందుల వాడకంతో పేగుల్లో పెరిగి విరేచనాలు తెచ్చే బ్యాక్టీరియా) ఉందేమో చూశారు, నెగెటివ్. వైరస్‌ను పట్టే పీసీఆర్ పరీక్షలో నోరో తేలింది. క్లాస్ట్రీడియం రిపోర్టు రాకుండా, విరేచనాలు ఆపే లోపరమైడ్ మాత్ర అడగొద్దు. క్లాస్ట్రీడియం అయితే అది ప్రమాదం.

మంచానికి తగిలించిన శానిటైజర్‌నే మేం నమ్ముకున్నాం. ఈ వైరస్‌కు అది చాలదు. సబ్బుతో 20 సెకన్లు రుద్ది పారే నీళ్లతో కడగాలి. బెడ్‌ప్యాన్, మంచం కడ్డీలు, కుళాయి ముందు శుభ్రంగా తుడిచి, లీటరు నీళ్లలో 4 శాతం హైపోక్లోరైట్ (బ్లీచ్ ద్రావణం) 25 మి.లీ. కలిపి పూసి, పది నిమిషాలు తడిగా ఉంచాలి. బాత్రూం యాసిడ్‌తో మాత్రం కలపొద్దు, విషవాయువు వస్తుంది.

రోగిని మంచంలో తిప్పేటప్పుడు మోకాళ్ల మధ్య దిండు పెట్టి, ఒకరు కాలు పట్టుకుంటే ఇంకొకరు ఒళ్లంతా ఒకేసారి పక్కకు దొర్లించాలి. ఒకసారి తుంటి దగ్గరి డ్రెస్సింగ్ అంచు తడిసింది. "పొద్దున మారుస్తాం" అన్నారు. నేను ఊరుకోలేదు, అప్పటికప్పుడు మార్పించాను. కుట్లలోకి మలం చేరితే పుండు చీము పడుతుంది.

నొప్పి మందు ట్రమడాల్‌తో మలబద్ధకం వస్తుందని మొదట్లో రాసిన విరేచనకారి మందు లాక్టులోజ్ ఈ విరేచనాల్లోనూ ఒక పూట పడింది! చార్టు చదివి కొట్టేయించింది నేనే. ఒంట్లో నీరు తగ్గినప్పుడు డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు కిడ్నీలను దెబ్బతీయొచ్చు. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), పొటాషియం చూడమని గట్టిగా అడగండి.

ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ సరిగ్గా లీటరు నీళ్లకు కలపాలి. వాంతి అయ్యాక పది నిమిషాలు ఆగి, చెంచాతో పట్టాలి. చుట్టాలు తెచ్చే తియ్యటి డబ్బా డ్రింకులు వద్దు, చక్కెరకు విరేచనాలు ఎక్కువవుతాయి. మన హైదరాబాద్ పిల్లల డాక్టరమ్మ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాకే 2025 అక్టోబరులో అలాంటి డబ్బాల మీద ఓఆర్ఎస్ పేరు తీసేయమని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. ఆవిడకు దండం పెట్టాలి.

మూడో రోజుకు తగ్గాయి. తగ్గాక కూడా మలంలో వైరస్ రెండు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ రోజులు పోతూనే ఉంటుంది. అందుకే ఇంటికొచ్చాక బెడ్‌ప్యాన్ పని నాది, వంట అమ్మది. నెల దాకా నేను వంటింటి గడప తొక్కలేదు.