డార్విన్‌లో ఒక సాయంత్రం

నిన్న ఆస్ట్రేలియా ఉత్తర తీరంలోని డార్విన్ నగరంలో, స్మిత్ స్ట్రీట్‌లో పాత టౌన్ హాల్ గోడల మధ్య చాలాసేపు నిలబడిపోయా. 1883లో కట్టిన రాతి బిల్డింగ్, 1942 ఫిబ్రవరి 19న జపాన్ వాళ్ల బాంబులు ఊరిని నాశనం చేసినా ఇది నిలబడింది, కానీ 1974 క్రిస్మస్ తెల్లవారుజామున వచ్చిన ట్రేసీ తుఫానుకి కూలిపోయింది, ఇప్పుడు మిగిలినవి మొండి గోడలే. వాటిని అలాగే ఉంచేశారు, మళ్లీ కట్టలేదు, నాకైతే అదే కరెక్ట్ అనిపించింది. ఎదురుగా 1885 నాటి బ్రౌన్స్ మార్ట్‌లో ఇప్పుడు నాటకాలు వేస్తున్నారు.

కానీ మనసు దోచింది మాత్రం అదే ఊళ్లో మిల్లీ పాయింట్ దగ్గర ఆర్కిటెక్ట్ బర్నెట్ డిజైన్ చేసిన ఇళ్లు! 1930ల చివర్లో కట్టినవి, ఏసీ లేని రోజులు కదా, అందుకే గోడల నిండా లూవర్లు, అంటే గాలి లోపలికి వచ్చేలా వాలుగా అమర్చిన పలకలు, లోపలి గోడలు పైకప్పు దాకా వెళ్లవు, సముద్రపు గాలి ఇల్లంతా తిరగాలని. ఆ ఉక్కపోతలో లోపలికి అడుగు పెట్టగానే ప్రాణం లేచొచ్చింది. ట్రేసీ ఊళ్లో చాలా ఇళ్లని ఎత్తుకుపోయింది, ఈ కాసిని మిగిలాయి. బయటికి రాబుద్ధి కాలేదు అసలు, మళ్లీ ఆదివారం వెళ్తున్నా.