ఏకర్ దిబ్బ మీద ఒక శనివారం

శనివారం ఇజ్రాయెల్‌లో రైళ్లు నడవవని తెలియక పొద్దున్నే హైఫా స్టేషన్‌కు పోయాను. గేటు మూసి ఉంది. ఫోన్ చేస్తే మా చిన్నాయన ఒకటే నవ్వు. జగిత్యాల నుంచి వచ్చి ఏళ్లుగా ఇక్కడ ముసలివాళ్లకు సేవచేసే పనిలో ఉన్నాడు. వారానికి ఆ ఒక్కరోజే సెలవు. చివరికి ఇద్దరం షేర్ వ్యాన్ ఎక్కి, సముద్రం ఒడ్డున ఉన్న పాత కోట ఊరు ఏకర్‌లో దిగాం.

అందరూ నేరుగా పాత ఊళ్లోకి పోతారు. నేను మాత్రం ముందు ఊరికి తూర్పున ఉన్న మట్టిదిబ్బ ఎక్కుదామన్నాను. ఇప్పుడు దాన్ని నెపోలియన్ గుట్ట అంటారు. నాకు కావాల్సింది అంతకు 600 ఏళ్ల ముందటి కథ.

అవి క్రైస్తవులకూ ముస్లింలకూ మధ్య క్రూసేడు యుద్ధాలు జరిగిన రోజులు. 1187లో ముస్లిం సుల్తాన్ సలాదీన్ ఏకర్‌ను పట్టుకున్నాడు. అదే ఏడు హత్తీన్ యుద్ధంలో అతని చేతికి చిక్కి, తర్వాత విడుదలైన జెరూసలేం క్రైస్తవ రాజు గీ, 1189 ఆగస్టులో కొద్దిపాటి సైన్యంతో వచ్చి ఈ దిబ్బ మీదే దిగాడు. ఊరిని వీళ్లు ముట్టడిస్తే, వెనక నుంచి సలాదీన్ వచ్చి వీళ్లనే చుట్టుముట్టాడు. పైన నిలబడితే గానీ ఆ ఇరుకు అర్థం కాలేదు. ముందు కోట, వెనక శత్రువు, మిగిలింది సముద్రం. 1190 చలికాలంలో ఓడలు కూడా రాలేదు. తిండిలేక గుర్రాలను కోసుకు తిన్నారు. అంతకుముందే గీ భార్య, రాణి సిబిల్లా, ఆమె ఇద్దరు కూతుళ్లు ఇక్కడి డేరాల్లోనే రోగంతో పోయారు.

"ఇంత గోసపడే బదులు ఇంటికి పోవద్దా?" అన్నాడు చిన్నాయన.

ఊళ్లో హమ్మస్ తిని, కోటగోడ ముందు ఓ ఇరవై ఫొటోలు దిగాక బోర్డు చదివాను. అది 18వ శతాబ్దపు గోడ! నా చరిత్ర పరిజ్ఞానానికి చిన్నాయన మళ్లీ నవ్వాడు.

1191 జూన్ 8న ముట్టడివాళ్లకు సాయంగా ఇంగ్లండ్ రాజు రిచర్డ్ దిగాడు, జూలై 12న ఊరు లొంగిపోయింది. సలాదీన్ ఇస్తామని ఒప్పుకున్న డబ్బు ఆలస్యమైందని ఆగస్టు 20న దాదాపు 2,700 మంది ఖైదీలను ఊరి బయట నరికించాడు. 'సింహహృదయుడు' అని బళ్లో చదువుకున్నది ఈయన గురించే.

సాయంత్రం సముద్రపు గోడ మీద కూర్చున్నాం. ఎదురుగా నీళ్లలో ఈగల బురుజు మొండెం. సలాదీన్ కొలువులోని బహాఉద్దీన్ రాసిన ఈసా కథ చెప్పాను. ఈసా గజ ఈతగాడు. ముట్టడిలో ఉన్న ఊళ్లోని సలాదీన్ సైనికులకు ఇవ్వాల్సిన బంగారం, ఉత్తరాలు నడుముకు కట్టుకొని, రాత్రిపూట శత్రువుల ఓడల కింద నుంచి ఈది ఊళ్లోకి చేరేవాడు. చేరగానే, చేరానని తెలిసేలా పావురాన్ని వదిలేవాడు. ఒక రాత్రి పావురం రాలేదు. కొన్నాళ్లకు అతని శవం ఊరి ఒడ్డుకే కొట్టుకొచ్చింది, నడుముకు మూటలు అలాగే ఉన్నాయి.

చిన్నాయన ఈసారి నవ్వలేదు. నెలనెలా ఇంటికి డబ్బు పంపే మనిషి.

"మరి ఆ పైసలు వాళ్లకు ముట్టినయా?"

"ముట్టినయ్, చిన్నాయనా."