దాలెత్ మడమ

యూదుల పంచాంగంలో ఎలుల్ నెల, గురువారం. ఇజ్రాయెల్‌లోని బ్నెయ్ బ్రాక్ ఊరు.

మెజుజాలు రాసే పెద్దాయన పోయి ఏడాది. నిన్న పొద్దుగూకగానే వెలిగించిన దీపం వంటగట్టు మీద గాజు గ్లాసులో ఇంకా వెలుగుతోంది. రోజంతా ఆగకుండా వెలిగేలా మైనం పోసి అమ్ముతారు వీటిని. యూదులదీ చంద్రుడి లెక్కే, మన తిథిలాగా. అందుకే ఇంగ్లీషు తారీకు ఏటా జరుగుతుంటుంది.

పొద్దున్నే ఆయన కూతురు వచ్చి వీధి గుమ్మం మీది మెజుజా, అంటే యూదులు గుమ్మానికి బిగించే లేఖనాల తోలుచుట్ట, విప్పింది. ఇంటి మెజుజాలను ఏడేళ్లలో రెండుసార్లు చూపించుకుంటే చాలని శాస్త్రం. ఆయన మాత్రం ఏటా ఎలుల్‌లో విప్పేవాడు. పడమటి ఎండ తిన్నగా పడే గుమ్మం, పైగా సముద్రపు చెమ్మ. తోలుకు ఈ రెండూ పడవు. ఎండకు సిరా పెళుసెక్కి పగులుతుంది, చెమ్మకు చుట్టలోని పొరలు ఒకదానికొకటి అంటుకుంటాయి. విప్పిన వెంటనే చుట్టను చాపకూడదు. కాసేపు నీడన పెట్టి, నాలుగు మూలలా చెంచాలు బరువుంచుతూ మెల్లగా తెరవాలి. తొందరపడితే మడత పడ్డచోట అక్షరం పెచ్చుగా లేచిపోతుంది.

పన్నెండు సెంటీమీటర్ల చదరపు తోలు. బైబిల్ ద్వితీయోపదేశకాండంలోని 6, 11 అధ్యాయాల నుంచి రెండు భాగాలు, ‘ఇశ్రాయేలూ వినుము’తో మొదలు. 22 వరుసలు, 713 అక్షరాలు. చేయి తిరిగిన సోఫేర్‌కు, అంటే లేఖకుడికి, రెండు మూడు గంటల పని. రాసే ముందు మొండి మొన ఉన్న దబ్బనంతో సిరా లేకుండా గీతలు గీస్తారు. అక్షరాలు ఆ గీత మీద కూర్చోవు, దండెం మీద బట్టల్లా కింద వేలాడతాయి.

సిరా సరంజామా అంతా మన పచారీ కొట్టులో దొరికేదే: మాచికాయలు, తుమ్మబంక, అన్నభేది. మాచికాయలు దంచి, నానబెట్టి, కాచి, గుడ్డలో వడగట్టి, బంక కరిగించి, చివర్లో అన్నభేది కలుపుతారు. రాసేటప్పుడు పలచగా కనిపించినా గాలి తగిలేకొద్దీ నల్లబడుతుంది. బంక ఎక్కువైతే ఆరాక పెచ్చులూడుతుంది. అన్నభేది ఎక్కువైతే ఏళ్లు గడిచాక అక్షరం తుప్పు రంగుకు తిరిగి తోలునే తినేస్తుంది. రబ్బీ (యూదు ధర్మగురువు) మేయిర్ సిరాలో ఇలాంటి లోహపు ఉప్పు కలిపేవాడని యూదుల ధర్మచర్చల గ్రంథం తాల్ముద్‌లో ఏరువిన్ భాగం చెబుతుంది. ఆయన లేఖకుడని తెలిసి గురువు ‘నాయనా, జాగ్రత్త, ఒక్క అక్షరం తగ్గినా పెరిగినా లోకం పాడవుతుంది’ అన్నదీ అక్కడే. పెద్దాయన ఆ పేజీ చదివినప్పుడల్లా గురువు మాట గబగబా దాటేసి సిరా దగ్గరే ఆగిపోయేవాడు.

కలం టర్కీ కోడి ఈకది. కుడిచేతివాటం వాళ్లకు ఎడమ రెక్క ఈక నప్పుతుంది, దాని వంపు చేతికి అడ్డం రాదు. బాగా ఎండాక ఏటవాలుగా కోసి, మధ్యలో చీలిక పెట్టి, కొసను పదునైన కత్తితో ఒక్క వేటున అడ్డంగా తెంచాలి. రెండో వేటు వేస్తే అంచు చిరుగుతుంది, అడ్డగీతకు నూగులాంటివి వస్తాయి. ఈ హీబ్రూ లిపిలో అడ్డగీతలు లావు, నిలువుగీతలు సన్నం కాబట్టి కొస చదునుగా ఉండి తీరాలి. ఆయన సొరుగులో పద్నాలుగు ఈకలున్నాయి, తొమ్మిది సగం చెక్కినవే.

ఇక దోషాల సంగతి. ప్రతి అక్షరం చుట్టూ ఖాళీ తోలు ఉండాలి. పక్కది తగిలితే చెల్లదు. ‘హే’ ఎడమ కాలు కప్పుకు తగిలితే అది ‘ఖెత్’ అయిపోతుంది. తగిలిన చోట గీకి విడదీస్తే ఒప్పుకోరు. అక్షరం రాయాలి తప్ప గీకి తయారు చేయకూడదంటారు. ఆ కాలు చెరిపి మళ్లీ రాయాలి, అదీ తర్వాతి అక్షరం ఇంకా రాయకముందే. మెజుజాలో అక్షరాలు వరుస తప్పకుండా పడాలి, వెనక్కి వెళ్లి దిద్దడం కుదరదు. దేవుడి నామమైతే చెరపనే కూడదు. పుస్తకం అచ్చుపోసేవాళ్లకు ఇంత కష్టం లేదు పాపం!

ఇవాళ తేడా వచ్చింది మొదటి వరుసలోనే. ‘ఏఖాద్’, అంటే ‘ఒక్కడు’, అన్న మాట చివరి ‘దాలెత్’ను పెద్దగా రాస్తారు. దానికి వెనక మూల మీద చిన్న మడమలాంటి పొడుపు ఉంటుంది. అది పోయి మూల గుండ్రబడితే ‘రేష్’. అప్పుడు మాట ‘ఆఖేర్’, ‘వేరొకడు’ అయిపోతుంది. మనకు ‘ద’ కింద గీత పడితే ‘ధ’ అయినట్టే, కాకపోతే ఇక్కడ దేవుడే మారిపోతాడు. ఈ తోలు మీద సరిగ్గా ఆ మడమ దగ్గరే సిరా రాలింది.

అనుమానం వస్తే పిల్లాడికి చూపించడం పద్ధతి. మరీ తెలివైనవాడూ, మరీ మందమతీ కాకూడదు. అక్షరాలు వచ్చి, మాట అర్థం చూసి ఊహించలేని వయసువాడు కావాలి. చుట్టూ కాగితం కప్పి ఆ ఒక్క అక్షరమే చూపిస్తారు. పెద్దాయన మనవడికి ఆరేళ్లు. చూశాడు, ‘రేష్’ అన్నాడు. కూతురు మళ్లీ అడగలేదు.

ఆకారం నిలిచి సిరా మాత్రం చిట్లి ఉంటే పైన అద్దుకోవచ్చు. ఆకారమే పోయాక, తర్వాతి అక్షరాలన్నీ రాసేసిన తోలు మీద చేసేదేమీ లేదు. ఆయన చేతిరాతే అయినా సరే.

తండ్రి కొడుక్కి చేయవలసినవి తాల్ముద్‌లోనే కిద్దుషిన్ భాగంలో ఉన్నాయి: తోరా (ధర్మశాస్త్రం) నేర్పాలి, పెళ్లి చేయాలి, చేతిపని నేర్పాలి. ఈత కూడా నేర్పాలని కొందరన్నారు. చేతిపని నేర్పనివాడు దొంగతనం నేర్పినట్టేనని రబ్బీ యెహూదా మాట. ఈయనకు కొడుకులు లేరు. సంప్రదాయంలో ఆడవాళ్లు రాసిన మెజుజా చెల్లదు. అయినా కూతుర్ని బల్ల పక్కన కూర్చోబెట్టి కలం చెక్కడం, మాచికాయ కాచడం, అక్షరం సరిచూడటం అన్నీ నేర్పాడు, ఈతతో సహా. ఇవాళ మడమ రాలిన చోటు భూతద్దం తీయకముందే చూపించింది ఆమే.

పాత తోలు చెత్తలో వేయరు. కవరులో పెట్టి సినగాగ్‌లో, అంటే వాళ్ల ప్రార్థనామందిరంలో, గెనిజా పెట్టెలో వేస్తే తర్వాత భూమిలో పాతిపెడతారు. సాయంత్రం వేరేది బిగించాం, ఆయన కట్ట కట్టి ఉంచిన వాటిలోంచి తీసి. మొదటి మాట షెమా (‘వినుము’) పైకి వచ్చేలా ఎడమ నుంచి కుడికి చుట్టి, లోనికి వచ్చేటప్పుడు కుడివైపు కమ్మీకి, పై మూడోవంతు అడుగున, తల గదివైపు వాలేలా. నిలువుగా ఉండాలని మధ్యయుగపు వ్యాఖ్యాత రాషీ, అడ్డంగా ఉండాలని ఆయన మనవడు రబ్బేను తామ్. తాతామనవళ్ల పేచీ తెగక అష్కెనాజీ (మధ్య, తూర్పు ఐరోపా మూలాల యూదుల) ఇళ్లలో ఏటవాలు నిలిచిపోయింది. పాత మేకు కన్నం వదులైంది, అగ్గిపుల్ల చెక్కి దూర్చి స్క్రూ తిప్పాల్సి వచ్చింది.