నిప్పట్టులాంటి కాయ

ఎర్రచందనం దుంగ ఎట్లా ఉంటుందో పేపరు చదివే ప్రతివాడికీ తెలుసు. వరసగా పేర్చిన దుంగలు, వాటి ముందు తలొంచుకుని కూర్చున్న కూలీలు. ఆ ఫొటో మన పేపర్లకు కొత్త కాదు. కాయ ఎట్లా ఉంటుందని అడిగితే మాత్రం మొన్న మార్చి దాకా నేను నోరు తెరిచేవాణ్ణి కాను. మా అవ్వ వాళ్ళ ఊరు భాకరాపేట పక్కనే. శేషాచలం కొండలు చూస్తూ పెరిగినవాణ్ణే. అయినా అంతే.

సిగ్గుపడాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. రెండేళ్ళ కిందట తిరుపతిలో ఒక అంగట్లో "ఎర్రచందనం విత్తనాలు" అని చిన్న పొట్లం కొన్నాను. నున్నగా, పగడాల్లా మెరిసే గింజలు. హైదరాబాదు తెచ్చి కుండీలో పెట్టాను. ఒక్కటీ మొలవలేదు. మా అపార్ట్‌మెంట్లో ఉండే వృక్షశాస్త్రం మాస్టారు మిగిలిన గింజలు అరచేతిలో వేసుకుని నవ్వారు. "ఇవి బండి గురివింద. కేరళవాళ్ళు మంజాడి అంటారు. గురువాయూరు గుడిలో పిల్లలు ఉరుళి అనే పెద్ద పాత్రలో చేయిపెట్టి గుప్పిళ్ళతో ఎత్తిపోసేవి ఇవే. ఒకప్పుడు బంగారం తూచేవాళ్ళు వీటితో." రంగు ఎరుపు గనుక ఎర్రచందనమని అమ్మినవాడు అమ్మాడు, అదే రంగు చూసి నేనూ కొన్నాను. అసలు గింజ ఎట్లా ఉంటుందని అడిగితే, "శివరాత్రి దాటాక మీ కొండకే పోయి చూసుకో. ఆకు రాలి కాయలు బాగా కనిపిస్తాయి" అన్నారు.

మార్చి రెండోవారంలో పోయాను. తిరుపతి నుంచి రంగంపేట మీదుగా భాకరాపేట ఘాటు దిగేసరికి ఎండ చురచురలాడుతోంది. మామ కొడుకు బైకు తీశాడు. "దుంగల కోసం వచ్చేవాళ్ళను చూసినాం గానీ, కాయల కోసం వచ్చినోణ్ణి నిన్నే చూస్తా ఉండా బావా" అన్నాడు. నెరబైలు దాటాక అటవీశాఖ వాచర్ ఒకాయన మాతో వచ్చాడు. ఆయన లేకుండా రోడ్డు దిగి చెట్లలోకి పోవడం కుదరదు, పోకూడదు కూడా.

తలకోన అనగానే జలపాతం, పచ్చదనం గుర్తొస్తాయి. ఎర్రచందనానికి ఆ పచ్చదనంతో పనిలేదు. దాని కాపురమంతా ఎండిన రాతి వాలు మీద, మన్ను వేలెడు లోతు కూడా లేనిచోట. అడవి మొత్తం ఆకు రాల్చి నిలబడి ఉంది. వాచర్ ఒక చెట్టు మీద చెయ్యివేసి ఆగాడు. బెరడు నల్లగా, పలకలు పలకలుగా పగిలి, మొసలి వీపులా ఉంది. ఎర్రదనం జాడే లేదు. ఆ రంగంతా లోపలి చేవలోనే. పైకి చూస్తే కొమ్మల నిండా గోధుమరంగు బిళ్ళలు గాలికి ఊగుతూ గలగలమంటున్నాయి.

కింద రాలినదొకటి తీసి చేతిలో పెట్టుకున్నాను. మా సీమవాళ్ళకైతే ఒక్కమాటలో చెప్పొచ్చు, నిప్పట్టు. కోస్తావాళ్ళు చెక్క అనే పిండివంట. మధ్యలో శనగబేడ ఉబ్బినట్టు గట్టి బొడిపె, చుట్టూ పలచటి అంచు. అడ్డంగా నాలుగైదు సెంటీమీటర్లు ఉంటుంది. అయితే పూర్తి గుండ్రం కాదు. ఒక పక్క కాడ దగ్గర కొద్దిగా నొక్కినట్టుంటుంది. ఆ పలచటి అంచే రెక్క. వెలుతురుకు పట్టి చూస్తే అందులో సన్నటి ఈనెలు వలలా అల్లుకుని కనిపించాయి.

చింత, కానుగ, తుమ్మ, ఎర్రచందనం అన్నీ మన చిక్కుడుకు చుట్టాలే. చిక్కుడుకాయ ఎండితే రెండుగా చీలి గింజల్ని విదిలిస్తుంది. ఇది చచ్చినా నోరు తెరవదు. గింజను లోపల బిగించుకుని కాయ కాయగానే రాలుతుంది, కాయ కాయగానే మన్నులో కలుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో చెట్టు పసుప్పచ్చటి పూలతో నిండుతుందట. ఆ పిందె ముదిరి ఇట్లా ఎండి గలగలమనడానికి మళ్ళీ ఏడాది తిరిగినంత పని.

రెక్క ఉంది కదా, ఎంత దూరం పోతుందో చూద్దామనిపించింది. వాచర్ నవ్వుతూనే సరేనన్నాడు. ఓ బండరాయి ఎక్కి పది కాయలు ఒకటొకటిగా వదిలాను. గిరగిరా తిరుగుతాయనుకున్నాను. బరువంతా నడిమధ్యన ఉండటం వల్లనేమో, పైకి ఎగరేసిన రూపాయి బిళ్ళలా పల్టీలు కొట్టుకుంటూ దిగాయి. గాలి తగిలిన ఒకటి మాత్రం వాలు వెంబడి జారి ముప్ఫై అడుగుల అవతల పొదలో పడింది. మిగిలినవన్నీ నా కళ్ళముందే. ఇంత రెక్క పెట్టుకుని ఇంతేనా అనిపించింది. ప్రపంచంలో ఈ చెట్టు తనంత తానుగా పెరిగేది తూర్పుకనుమల దక్షిణపు కొసన, ముఖ్యంగా మన కడప, చిత్తూరు, నెల్లూరు కొండల్లోనే. 1995 నుంచి దీని అంతర్జాతీయ వ్యాపారం మీద సైటిస్ ఒప్పందపు ఆంక్షలున్నాయి, ముప్పులో ఉన్న జీవజాతుల వ్యాపారాన్ని అదుపుచేసే దేశాల ఒప్పందం అది. దుంగలు సముద్రాలు దాటిపోయాయి. కాయలు ఇదిగో, ఈ బండ కిందనే.

ఒక కాయ జేబులో వేసుకోబోతే వాచర్ చెయ్యి పట్టుకున్నాడు. "వొద్దు సార్. ఆకు గూడా తీసకపోగూడదు." తిరిగి నేలమీద పెట్టేశాను.

కొంచెం పక్కకు పోతే వేగిస చెట్టు చూపించాడు. అదీ ఎర్రచందనం జాతిదే. షుగరు ఉన్నవాళ్ళు రాత్రి నీళ్ళుపోసి పొద్దున తాగే చెక్క గ్లాసులు దీనివే. ఎర్రచందనానికి రెమ్మకు మూడు ఆకులైతే, దీనికి ఐదు నుంచి ఏడు. కాయలు మాత్రం పక్కపక్కన పెడితే నేను పోల్చుకోలేకపోయాను. దీని శాస్త్రీయనామంలో రెండోమాట మార్సూపియం. లాటిన్‌లో డబ్బుసంచి.

ఈ జాతి మొత్తానికి టెరోకార్పస్ అని పేరు. గ్రీకులో రెక్క కాయ అని అర్థం. మాస్టారు చెప్పింది ఇక్కడే గుర్తొచ్చి నవ్వుకున్నాను. 1763లో జాక్విన్ అనే వృక్షశాస్త్రవేత్త ఈ జాతికి పేరుపెట్టింది కరీబియన్ తీరాల చెట్టును చూసి. అది బురదనేలల్లో, నీళ్ళలో నిలబడి పెరుగుతుంది. కాయ నీటిమీద తేలిపోతుంది, రెక్క కుంచించుకుపోయి ఉంటుంది. రెక్క కాయ అన్న పేరు అట్లా రెక్క సరిగా లేనిదాన్నుంచి వచ్చింది. ఆఫ్రికా దక్షిణాన ఇంకో చుట్టముంది, అంగోలెన్సిస్. దాని కాయ అరచేయంత. నడిమి బొడిపె నిండా గరుకు ముళ్ళు, చుట్టూ వెడల్పాటి రెక్క. ఫొటోలో చూస్తే బుల్స్‌ఐ ఆమ్లెట్ మీద ముళ్ళు మొలిచినట్టుంటుంది.

మధ్యాహ్నం జలపాతం దగ్గరికి పోయాం. దాని గురించి చాలామంది రాశారు, నేను రాయను. దారిలో గిల్లతీగ కింద మాత్రం చాలాసేపు నిలబడ్డాను. మనిషి నడుమంత లావు తీగ, చెట్టు మీంచి చెట్టు మీదికి పాకి ఉంది. ఇదీ చిక్కుడు కుటుంబమే. కాయ మీటరు పొడవు కత్తిలా వేలాడుతుంది. గింజ అరచేతి గుంటను నింపుతుంది, పాలిష్ పట్టినట్టు నున్నన. ఈ గింజలు సముద్రంలో తేలుతూ దేశాలు దాటిపోతాయి. రెక్కలున్నది చెట్టు కిందే పడుతుంటే, రాయిలాంటిది సముద్రం దాటుతోంది.

మర్నాడు రైల్వే కోడూరు. మామండూరు, బాలపల్లె మీదుగా అడవి దాటితే నర్సరీల ఊరు. అక్కడొక నర్సరీలో ఎర్రచందనం మొక్కలు పెంచుతున్నారు. చెట్టు కింద గోనెపట్టా మీద కాయలు కుప్పగా పోసి, ఒక పెద్దావిడ కత్తెరతో అంచులు కత్తిరిస్తోంది. ప్రకృతి ఏడాది పట్టి తయారుచేసిన రెక్క ఒక్క కటుక్కుతో పోతోంది.

"ఎందుకవ్వా, రెక్కలు?"

"ఇవి ఇంగ యాడికి ఎగరల్ల నాయనా? నీళ్ళు తొందరగా తాగుతాయి, సంచిలో సర్దుకుంటాయి."

అంచులు తీసిన బొడిపెల్ని రెండుమూడు రోజులు పేడనీళ్ళలో నానబెట్టి, ఇసుక మడిలో చల్లుతారట. గింజను వలిచి నాటరా అంటే, నాకొకటి ఇచ్చి వలవమంది. గోటితో కాలేదు, పంటితో కాలేదు. చివరికి సుత్తితో కొడితే కాయతోపాటు గింజా రెండు ముక్కలైంది. "చూస్తివా?" అంది. పట్టుదలకు పోయి ఇంకో ఐదు పగలగొట్టాను, ఈసారి అంచున మెల్లగా. రెండింట్లో ఏమీ లేదు, ఉత్త డొల్ల. రెండింట్లో ఒక్కో గింజ. ఒకదాంట్లో జంట. అలసందలాంటి వంపు, నున్నటి ఎరుపు గోధుమరంగు, సెంటీమీటరుకు కాస్త ఎక్కువ. రెండేళ్ళుగా నా కుండీ ఎదురుచూసిన గింజ ఇది. దానిలో పగడపు మెరుపేమీ లేదు. బజార్లో పెడితే ఎవడూ కొనడు.

పావుకిలో కాయలు కొని, గట్టిగా అడిగి బిల్లు రాయించుకున్నాను.

తిరుగుదారిలో చెక్‌పోస్టు దగ్గర కారు ఆపారు. డిక్కీ తెరిచి, సీట్ల కింద టార్చి వేసి, చివరికి నా సంచి విప్పారు. నా గుండె ఎందుకో దడదడలాడింది. బిల్లు తీసి చూపించాను. సంచి విప్పినాయన బిల్లు చూడలేదు. ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించి చూశాడు.

"మొలవవు సార్ ఇవి. నేనూ మా ఇంటి దగ్గర ఇరవై ఏసినా. మూడు మొలిచినాయి. దాంట్లో ఒకటి మేక తినింది" అని కాయ మళ్ళీ సంచిలో వేసి గేటు ఎత్తించాడు.