బావి గట్టు నాచు

మా అమ్మ దృష్టిలో లోకంలో ఉన్నది ఒకటే నాచు, కాలు జారేది. రాజమహేంద్రవరం దగ్గర మా ఊరి ఇంట్లో, వానలు మొదలైతే చాలు, బావి గట్టుకు అది ఒత్తుగా పట్టేది. అమ్మ కొబ్బరి పీచుతో తోమేసేది. మళ్లీ పట్టేది. ఇల్లు అమ్మేసిన రోజు గట్టు నుంచి ఊడిన అరచేయంత ఇటుక పెళ్లను, దాని మీది నాచుతో సహా కాగితంలో చుట్టి హైదరాబాదు తెచ్చుకున్నాను.

ఇంటర్నెట్టులో ఎక్కడ చూసినా ఒకటే సలహా: నాచును మజ్జిగలో వేసి మిక్సీ పట్టి కుండీకి పూయాలి, దానికి పులుపంటే ఇష్టం. సగం నాచు అలా పూశాను. నాలుగో రోజుకు తెల్లటి బూజు, ఆరో రోజుకు చీమల బారు. పక్కింటి పిన్నిగారు బాల్కనీలోకి తొంగిచూసి, "పోపు పెట్టడం మరిచిపోయావా అమ్మాయ్?" అన్నారు.

మిగిలిన సగాన్ని భయంతో ముట్టుకోలేదు. అది ఎండి గోధుమ రంగుకు తిరిగింది. చచ్చిందనుకుని పారేసే ముందు పదింతలు చూపే భూతద్దం పట్టాను. సెంటీమీటరు కూడా లేని మొక్కలు. ఒక్కో ఆకూ అంచులు లోపలికి ముడుచుకుని, మా గోదావరి వైపు పొగాకు చుట్టలా ఉంది. డ్రాపరుతో ఒక చుక్క నీళ్లు వేశాను. చూస్తుండగానే చుట్టలు విప్పుకున్నాయి. నాలుకల్లాంటి పచ్చటి ఆకులు చుట్టూ పరుచుకున్నాయి. ఆ సాయంత్రం ఎన్నిసార్లు ఎండబెట్టి ఎన్నిసార్లు తడిపానో లెక్కలేదు.

ఇంటర్లో నేను బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్న నాచు ఫ్యునేరియా ఒక్కటే. కాబట్టి ఇదీ అదే అనుకున్నాను. మా అపార్ట్‌మెంటు డాబా మీద వెండి పూత పూసినట్టుండే నాచుతోనూ పోల్చి చూశాను. అది బ్రయమ్ అర్జెంటియమ్. ఆకు కొనల్లో పత్రహరితం ఉండదు, అందుకే ఆ తెలుపు. నాది అదీ కాదు. చివరికి ఒక రిటైరైన వృక్షశాస్త్రం మాస్టారికి ఫొటోలు పంపాను.

"ఫొటో చూసి నాచు పేరు చెప్పేవాళ్లను నమ్మకండమ్మా," అన్నారాయన. "ఆకు కాండాన్ని అంటుకునే చోట ఏముందో, ఆకు చివర అంచు ఎలా ఉందో చూసి చెప్పండి."

నా దగ్గర ఫోల్డ్‌స్కోప్ ఉంది. శాస్త్రవేత్త మను ప్రకాశ్ బృందం తయారు చేసిన కాగితపు సూక్ష్మదర్శిని అది, 140 రెట్లు పెద్దగా చూపిస్తుంది. ఆకులు ఒలిచి చూస్తే, చివర్న అంచు వెంట చిన్న చిన్న పళ్లు. ఆకు మొదట్లో చుక్కల్లా ఏవో ఉన్నాయి. లెన్సు సరిచేస్తే ముళ్ల నక్షత్రాలు! జెమ్మాలు. రాలి తడి తగిలిన చోట మొలిచే మొగ్గల్లాంటివి. పాత గుళికలు, అంటే నాచుకు విత్తనాల్లాంటి సిద్ధబీజాలుండే డొల్లలు, రెండు దొరికాయి, నిటారుగా, సన్నటి గొట్టాల్లా. ఫ్యునేరియా గుళిక బేరిపండులా ఉండి వంగుతుంది, దాని మూతికి రెండు వరుసల్లో 16 చొప్పున పళ్లుంటాయి. దీనికి బోసినోరు.

"హయోఫిలా ఇన్వల్యూటా," అని తేల్చారు మాస్టారు. ఇన్వల్యూటా అంటే లాటిన్‌లో లోపలికి చుట్టుకున్నదని అర్థమట. "తడి ఉండే ఇటుక గోడల మీద, సున్నం మీద పెరిగే రకం. మజ్జిగ ఎందుకు పోశారు దానికి?"

మా బావి కట్టింది సున్నంతోనే.

తర్వాత పని తేలికైంది. పాత గోడ పడగొట్టిన చోట సున్నం అంటిన ఇటుక ముక్కలు నాలుగు తెచ్చి, కడిగి, మట్టి మూకుట్లో పేర్చాను. ఎండిన నాచును వేళ్ల మధ్య నలిపి పసుపు చల్లినట్టు చల్లాను. తెగిన ఆకు ముక్క నుంచి కూడా నాచు మళ్లీ మొలుస్తుంది. మొదట బోరు నీళ్లు కొట్టాను. తెల్లటి ఉప్పు పేరుకుంది. వేళ్లు లేని మొక్క, ఒళ్లంతటితో నీళ్లు తాగుతుంది, ఆ ఉప్పును ఎక్కడికని వదిలించుకుంటుంది? వాన నీళ్లు సీసాల్లో పట్టి వాడాను. మూడు వారాలకు ఇటుక మీద పచ్చటి పొర కనిపించింది. అచ్చం పాచి. తుడిచేయబోయి ఆగి భూతద్దంతో చూస్తే దారపు పోగులు, అదే ప్రథమతంతువు, నాచు మొలకెత్తే తొలి రూపం. మరో నెలకు వాటి మీద ఆకుల మొగ్గలు లేచాయి.

మొన్న అమ్మ వచ్చింది. మూకుడు చూసి, "నలభై ఏళ్లు తోమాను దీన్ని, నువ్వు పెంచుతున్నావా?" అంది. పీచు మాత్రం తీయలేదు.

గుళికలు ఇంకా రాలేదు. ఈ జాతిలో ఆడ మొక్కలు వేరు, మగ మొక్కలు వేరు. నేను నలిపి చల్లింది ఒక్క గుబురు, అన్నీ ఒకే రకమై ఉంటాయని మాస్టారి అనుమానం. వానలు పడ్డాక ఊరెళ్లి, మా పెదనాన్నగారి బావి గట్టు నుంచి చిటికెడు తెచ్చుకోవాలి. తోమేయవద్దని ఇప్పుడే ఫోను చేసి చెప్పాను.