ఆటోని తిరగేసినట్టుంది

ఒకసారి అమెరికాలోని జార్జియా కొండల్లో మలుపులో కంకర మీద బండి జారి ఇద్దరం పడ్డాం. ఆరోజు నుంచి మా ఆవిడ బైక్ ఎక్కనంది. అందుకే మొన్న టెయిల్ ఆఫ్ ది డ్రాగన్ అనే మలుపుల రోడ్డుకి వెళ్దామన్నప్పుడు ఒక బేరం కుదుర్చుకున్నాం. రోడ్డు నా ఇష్టం, బండి ఆవిడ ఇష్టం. ఆవిడ పోలారిస్ స్లింగ్‌షాట్ అనే మూడు చక్రాల బండి కావాలంది. ఒక రోజుకి అద్దెకి తీసుకున్నాం.

ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి. పక్కపక్కనే రెండు సీట్లు, సీటు బెల్టులు, గుండ్రటి స్టీరింగ్, కాళ్ల దగ్గర పెడల్స్. తలుపుల్లేవు, ఎయిర్‌బ్యాగులు లేవు. అయినా ఫెడరల్ రూల్స్ లెక్కలో ఇది మోటార్‌సైకిలే. చాలా రాష్ట్రాలు తర్వాత ‘ఆటోసైకిల్’ అని వేరే పేరు పెట్టి, కారు లైసెన్సు చాలన్నాయి. మా ఖమ్మంలో ఆటోకి స్కూటర్ హ్యాండిలే ఉంటుంది, దాన్ని ఎవరైనా బైక్ అన్నారా?

“ఆటోని తిరగేసినట్టుందండీ,” అంది మా ఆవిడ దాని చుట్టూ ఒకసారి తిరిగి.

నవ్వుకున్నాను కానీ అసలు సంగతి అదే. మలుపులో బ్రేక్ కొడితే బరువు ముందుకీ పక్కకీ తోస్తుంది. ఆటోకి అక్కడ ఆనుకోడానికి చక్రమే ఉండదు. దీనికి సరిగ్గా అక్కడే రెండు చక్రాలున్నాయి, అదీ బాగా ఎడంగా. ఇంగ్లండులో మోర్గాన్ అనే కార్ల తయారీవాళ్లు 1909లోనే ఈ పద్ధతి పట్టుకున్నారు.

డ్రాగన్ అంటే నార్త్ కరొలైనా, టెన్నెసీ సరిహద్దులో 11 మైళ్ల రోడ్డు. 318 మలుపులు, మధ్యలో ఒక్క అడ్డరోడ్డు కూడా ఉండదు. బైక్ మీదైతే మలుపులోకి ఒరుగుతాం, ఒంటి బరువు సీటులోకే దిగుతుంది. ఇది ఒరగదు. మనిషినే బయటికి విసురుతుంది. పదో మలుపు దాటేసరికి నా భుజాలు పట్టేశాయి, మా ఆవిడకి మాత్రం పండగ.

ఒకచోట రోడ్డు మధ్యలో విరిగిన కొమ్మ ముక్క కనబడింది. కారులో అలవాటు కదా, రెండు చక్రాల మధ్య నుంచి పోనిద్దామనుకున్నాను. ముందు చక్రాలు తప్పించుకున్నాయి. వెనక చక్రం నేరుగా దాని మీదికే ఎక్కింది. నడుములో కలుక్కుమంది. ఈ బండికి మూడు దారులు చూసుకోవాలని అప్పుడు అర్థమైంది.

ఆ రోడ్డు మీదే డీల్స్ గ్యాప్ అనే చోట ఆగాం. అక్కడ ‘ట్రీ ఆఫ్ షేమ్’ అని ఒక చెట్టుంది, పడిపోయిన బండ్ల ముక్కలన్నీ దానికి వేలాడదీస్తారు. దారి పొడుగునా ఎదురొచ్చిన బైకర్లు ఒకరికొకరు రెండు వేళ్లు కిందికి చూపించి పలకరించుకుంటున్నారు, మమ్మల్ని మాత్రం చూడనట్టే పోయారు. ఒక స్లింగ్‌షాట్ వాడు మాత్రం చుట్టాలు కనబడ్డట్టు చెయ్యి ఊపాడు. పార్కింగులో ఒకాయన “నాలుగో చక్రం ఎక్కడ పడేసుకొచ్చావ్?” అన్నాడు. ఒరగనిది బైకెలా అవుతుందన్నది వాళ్ల వాదన. సగం నాదీ అదే.

ఆ పక్కనే ఒక పెద్దాయన క్యాన్-ఆమ్ స్పైడర్ మీద వచ్చాడు. అదీ మూడు చక్రాలదే కానీ గుర్రమెక్కినట్టు కూర్చుంటారు, హ్యాండిల్ ఉంటుంది. మోకాలి ఆపరేషన్ తర్వాత బరువైన బైక్‌ని కాలితో నిలబెట్టలేక దీనికి మారాడట. మొదటి నెల చేతులతో పెద్ద తంటా అన్నాడు. బైక్‌కి ఎడమకి తిరగాలంటే ఎడమ హ్యాండిల్‌ని ముందుకి నెడతాం, దీనికి మామూలుగా ఎటు తిరగాలో అటే తిప్పాలి. నలభై ఏళ్ల అలవాటు మానాలిగా! ఆయనతో ‘ఇది బైకేనా’ అని నేను వాదన పెట్టుకోలేదు.

ఆ మలుపుల్లో ఫోటోగ్రాఫర్లు కూర్చుని వచ్చేపోయే ప్రతి బండినీ తీసి ఆన్‌లైన్‌లో అమ్ముతారు. మాదీ ఒకటి కొన్నాను. అందులో మా ఆవిడ నోరారా నవ్వుతోంది. బండి రోడ్డుకి అతుక్కుని నిటారుగా ఉంది. నేనొక్కణ్నే స్టీరింగ్ పట్టుకుని, మెడ వంచి, ఒళ్లంతా మలుపులోకి ఒరిగిపోయి ఉన్నాను.